ఉన్న ఒక్క మంచి కిటికీ ఏ మొక్కకి? అమెరికా ఫాల్‌లో మన కుండీల పోలిక

సెప్టెంబరు నెలాఖరు వచ్చేసరికి అమెరికాలో తెలుగువాళ్ళ మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "కరివేపాకు లోపల పెట్టేశారా?" వేసవంతా ప్యాటియో మీద కరివేపాకు, గుండుమల్లె, తులసి, తమలపాకు, మందారం ఏపుగా పెరుగుతాయి. వాటి పక్కనే ఎవరో ఇచ్చిన మునగ మొక్క, నర్సరీలో చూసి ఆగలేక కొన్న నిమ్మచెట్టు. చలి మొదలయ్యేలోపు ఇవన్నీ ఇంట్లోకి రావాలి. ఇంట్లో చూస్తే ఎండ బాగా పడే కిటికీ ఒక్కటే. అన్నిటినీ దాని ముందు ఇరికిస్తే ఫిబ్రవరికి ఏదీ సరిగ్గా మిగలదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ కిటికీ కరివేపాకుకి ఇవ్వండి. తులసి గింజలు దాచుకోండి, మందారాన్ని గరాజ్‌లో నిద్రపుచ్చండి, తమలపాకుని హాల్లో అందానికి వాడుకోండి. మల్లె సంగతి మాత్రం మీ ఇంటిని బట్టి ఉంటుంది. ఈ లెక్క అందరికీ ఒకేలా కుదరదు కాబట్టి, ఏది చూసి తేల్చుకోవాలో మొదట చెప్తాను.

## ముందు చూసుకోవాల్సినవి

వెలుతురు. అన్నిటికంటే ముందు ఇదే. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు ఉంటుంది. డిసెంబరులో న్యూజెర్సీలో అది 9 గంటల 20 నిమిషాల దగ్గరకి, షికాగోలో ఇంకో పది నిమిషాలు తక్కువకి పడిపోతుంది. డాలస్‌లో పది గంటలు. ఆ ఉన్న కాసేపూ సూర్యుడు దక్షిణాన కిందుగా తిరుగుతాడు. కిటికీకి నాలుగడుగులు లోపలికి వస్తే మన కంటికి గది వెలుగ్గానే కనిపిస్తుంది గానీ మొక్కకు అది దాదాపు చీకటి.

ఇక్కడ మన ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వాస్తు చూసి ఈస్ట్ ఫేసింగ్ ఇల్లు కొంటాం. ముందు గుమ్మం తూర్పున ఉంటే వెనక ప్యాటియో స్లైడింగ్ డోర్ పడమరకి వస్తుంది. కొత్త కమ్యూనిటీల్లో దక్షిణం వైపు పక్కింటి గోడ దగ్గరగా ఉంటుంది, ఆ వైపు కిటికీలూ చిన్నవే. అంటే చలికాలంలో మొక్కకు అత్యవసరమైన దక్షిణపు ఎండ మన ఇళ్ళల్లో చాలావాటికి సరిగ్గా దొరకదు. ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి ఇల్లంతా తిరిగి ఎండ నేల మీద ఎక్కడ పడుతోందో చూడండి. అలా నేరుగా నాలుగు గంటలు ఎండ పడే చోటునే ఈ వ్యాసంలో మంచి కిటికీ అంటున్నాను.

చలి. మన మొక్కలు చాలావరకు మంచు పడేదాకా ఆగవు. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 10 సెల్సియస్‌కి, దిగడం మొదలవగానే ఎదుగుదల ఆగి ఆకులు పసుపెక్కుతాయి. షికాగో వైపు తొలి ఫ్రాస్ట్ (గడ్డకట్టే చలి రాత్రి) మామూలుగా అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు లోపు, న్యూజెర్సీ ఎడిసన్ ప్రాంతంలో అక్టోబరు రెండో సగంలో, అట్లాంటాలో నవంబరు మొదటి సగంలో, డాలస్‌లో నవంబరు మూడో వారం అటూ ఇటూగా వస్తుంది. ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన రాత్రి హడావిడిగా మోసుకొచ్చేకంటే మూడు వారాల ముందే తేవడం మేలు. ఇంట్లో హీటర్ ఇంకా వేయని రోజుల్లో లోపలి గాలి, బయటి గాలి కాస్త దగ్గరగా ఉంటాయి, మొక్కకు మార్పు తెలియదు.

పొడి గాలి. హీటర్ మొదలయ్యాక ఇంట్లో తేమ 25-30 శాతానికి పడిపోతుంది. ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి (స్పైడర్ మైట్) పండగ చేసుకునేది ఇలాంటి గాలిలోనే. ఆకుల మీద స్ప్రే సీసాతో నీళ్ళు జల్లితే ఆ తడి కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది, దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. చిన్న హ్యుమిడిఫయర్ పెట్టడం, కుండీల్ని దగ్గరదగ్గరగా గుంపుగా ఉంచడం నయం. హీటర్ వెంట్ మీద మాత్రం ఏ మొక్కనీ పెట్టకండి.

మీకు ఆ మొక్క దేనికి? పోపుకి ఆకు కావాలా, తలలో పెట్టుకోవడానికి పూలు కావాలా, పూజకా, హాలు పచ్చగా కనబడడానికా? ఎదురుగా కనిపించాలని మీరు కోరుకోని మొక్కకి హాల్లో చోటు దండగ.

## మూడు దారులు

ప్రతి కుండీకి ఉన్నవి మూడే దారులు. ఒకటి, మెలకువగా ఉంచడం: వెచ్చదనం, వెలుతురు రెండూ ఇవ్వాలి. రెండోది, నిద్రపుచ్చడం: చల్లని చోట, తక్కువ వెలుతురులో, నీళ్ళు బాగా తగ్గించి మార్చి దాకా ఉంచాలి. మూడోది, మొక్కను వదిలేసి గింజో కొమ్మో దాచుకోవడం.

చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఈ మూడిట్లో ఏదీ కాదు. 72 డిగ్రీల వెచ్చటి హాల్లో, మసక మూలలో పెట్టి, ప్రేమ కొద్దీ రోజూ నీళ్ళు పోస్తారు. వెచ్చదనం చూసి మొక్క పెరగబోతుంది, వెలుతురు లేక పాలిపోయిన సన్నటి చిగుళ్ళు వేస్తుంది, తడి మట్టిలో వేళ్ళు కుళ్ళుతాయి. చలికి చచ్చినవాటికంటే ఇలా పోయినవే ఎక్కువ అని నా అనుమానం.

| మొక్క | రాత్రి ఎంత చలికి లోపలికి (ఫారన్‌హీట్) | వెలుతురు | నిద్రపుచ్చవచ్చా? | చలికాలంలో మనకు దక్కేది |
|---|---|---|---|---|
| కరివేపాకు | 50 | చాలా ఎక్కువ | కాండం ముదిరితే సరే | కొద్దిగా ఆకు |
| గుండుమల్లె | 45–50 | ఎక్కువ | చల్లని గదిలో సగం నిద్ర | దాదాపు ఏమీ లేదు |
| తులసి | 50–55 | చాలా ఎక్కువ | కుదరదు | కార్తీకం దాకా పూజకు |
| తమలపాకు | 55 | మధ్యస్థం | కుదరదు | ఆకు, అందం |
| మందారం | 50 | ఎక్కువ | బాగా కుదురుతుంది | కిటికీలో ఉంటే అప్పుడప్పుడో పువ్వు |
| మేయర్ నిమ్మ | 40–45 | చాలా ఎక్కువ | చల్లటి, వెలుగున్న గదిలో | పూల వాసన, కాయలు |
| మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ | 55 | తక్కువైనా చాలు | అక్కర్లేదు | అందం |

## కరివేపాకు

కిటికీ దీనికే ఎందుకంటే, పోతే మళ్ళీ సంపాదించడం కష్టం. ఎదుగుదల నిదానం, చిన్న మొక్కకే నర్సరీల్లో బాగా ధర పలుకుతుంది. మూడు నాలుగేళ్ళు పెంచిన చెట్టు పోతే మళ్ళీ అంత కావడానికి అన్నేళ్ళూ పడుతుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో మొక్క సంగతి అటుంచి, పచ్చి కరివేపాకు రెమ్మ తేవడానికి కూడా అనుమతి లేదు. కరివేపాకు నిమ్మజాతి కుటుంబంలోది. సిట్రస్ చెట్లను నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు దీని మీద బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో కాలిఫోర్నియాలో బయటపడింది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు కూడా ఈ కుండీని ఇష్టమొచ్చినట్టు కారులో వేసుకుపోకూడదు. ముందు ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ నిబంధన చూసుకోవాలి.

లోపలికి తెచ్చాక ఎంత మంచి కిటికీలో పెట్టినా డిసెంబరు, జనవరిల్లో కొన్ని ఆకులు పసుపెక్కి రాలతాయి. కంగారుపడి ఎరువు వేయకండి, నీళ్ళు పెంచకండి. పైన రెండంగుళాల మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయాలి. కుళాయి నీళ్ళు చలికాలంలో మంచులా ఉంటాయి కాబట్టి ముందు రోజే పట్టి పక్కన పెట్టుకోవాలి. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్ళలోని ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. సాఫ్ట్‌నర్‌కి కలపని కుళాయి ఉంటే అక్కడ పట్టుకోండి.

పులిసిన మజ్జిగ పోయడం మన ఇళ్ళల్లో పాత అలవాటు. పెరట్లో పోయండి, నాకేం అభ్యంతరం లేదు. ఇంట్లో కుండీలో పోస్తే వాసన రావడమే కాక, తడి మట్టిలో పుట్టే సన్నటి నల్ల దోమలు ఇల్లంతా ఎగురుతాయి. అవి అప్పటికే వచ్చి ఉంటే మట్టి పైభాగాన్ని ఎండనిచ్చి, పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చితే తగ్గుతాయి.

కత్తిరింపు విషయంలో రెండు వాదనలున్నాయి. ఫాల్‌లోనే సగానికి కొట్టేస్తే గుమ్మంలోంచి సులువుగా లోపలికి వస్తుంది, ఆకు కూడా ఒకేసారి దొరుకుతుంది. కానీ తక్కువ వెలుతురులో వచ్చే కొత్త చిగుళ్ళు బలహీనంగా ఉంటాయి. నేను చెప్పేది, ఇప్పుడు పైపైన మూడో వంతు తీసి, గట్టి కత్తిరింపు మార్చికి వాయిదా వేయండి. కోసిన ఆకుని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, జిప్ సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సంక్రాంతి దాటేదాకా సాంబారుకి లోటుండదు. ఫ్రీజర్ ఆకుతో పోపు వాసన కాస్త తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

కాండం బొటనవేలంత లావైన చెట్టుకి గరాజ్ నిద్ర కూడా పనికొస్తుంది. 40కీ 50కీ మధ్య ఉండే చోట పెట్టి, మూడు వారాలకోసారి గ్లాసుడు నీళ్ళు పోస్తే చాలు. ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది. ఫిబ్రవరిలో గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. పెన్సిలంత మొక్కలతో మాత్రం ఈ సాహసం వద్దు.

## గుండుమల్లె

మల్లె దగ్గరే నేను ఎటూ తేల్చి చెప్పలేను. అక్టోబరు దాటాక ఇంట్లో పువ్వు పూయడం అరుదు. కొత్త కొమ్మలకే పూస్తుంది గనుక ఫిబ్రవరి చివర్లో కత్తిరించి, వెలుతురు పెరిగాక ఎరువు వేస్తే ఏప్రిల్, మే నుంచి మొగ్గలు కనబడతాయి. అంటే నాలుగైదు నెలలు అది ఉత్త పచ్చని పొద. దానికోసం మీ ఇంట్లోని మంచి కిటికీని ఇవ్వాలా?

ఇంట్లో ఎవరూ పడుకోని, హీటర్ తగ్గించి ఉంచే గెస్ట్ బెడ్‌రూమ్ ఉంటే సమస్య తీరినట్టే. 55–60 డిగ్రీల చల్లదనం, ఓ మోస్తరు వెలుతురున్న కిటికీ, వారానికోసారి తడి చూసి నీళ్ళు. అలా సగం నిద్రలో హాయిగా ఉంటుంది. అలాంటి గది లేని అపార్ట్‌మెంట్‌లో, ఎర్రనల్లి పట్టిన మల్లెతో చలికాలమంతా కుస్తీ పట్టేకంటే రెండు కొమ్మలు కత్తిరించి చిన్న కుండీలో నాటుకుని పెద్ద మొక్కను ఎవరికైనా ఇచ్చేయడమే సుఖం.

## తులసి

తులసి విషయంలో లెక్కలు పనిచేయవు, మనసు అడ్డొస్తుంది. పీకి పారేయడానికి చేతులు రావు. కానీ నిజం చెప్పాలంటే ఇక్కడి చలికాలానికి అన్నిటికంటే తక్కువ తగిన మొక్క ఇదే. 50 డిగ్రీల దగ్గరే ఆకులు నల్లబడతాయి, ఇంట్లో వెలుతురు చాలక కాండం కర్రలా మారి కింది నుంచి ఆకులు రాల్చుకుంటూ పోతుంది.

చాలామందికి అసలు కావాల్సింది క్షీరాబ్ది ద్వాదశి నాటికి పచ్చగా ఉండే తులసి. కార్తీక శుద్ధ ద్వాదశి సాధారణంగా నవంబరులో వస్తుంది, ఒక్కోసారి అక్టోబరు చివరే వస్తుంది. అప్పటిదాకా నిలబెట్టడం కష్టమేం కాదు. సెప్టెంబరు చివర్లో బలమైన మొక్కను ఒకదాన్ని ఎంచుకుని, కంకులు తుంచి, తూర్పు కిటికీలో పూజ గదికి దగ్గరగా పెట్టండి. ఆ తుంచిన కంకులు ఎండితే అవే వచ్చే ఏటి గింజలు. తులసి కోటలో పెట్టడానికి ఉసిరి కొమ్మ దొరకడం ఇక్కడ అసలు కష్టం, తులసి దొరకడం దానికంటే చాలా తేలిక.

ద్వాదశి తర్వాత రెండు దారులు. మొక్కలకి ఎండకి బదులుగా వాడే గ్రో లైట్ ఉంటే ఆ మొక్కనే కొనసాగించవచ్చు. లేకపోతే కంకి వేయని లేత కొమ్మల్ని నాలుగంగుళాల పొడవున తుంచి నీళ్ళ గ్లాసులో పెడితే కొద్ది వారాల్లో వేళ్ళు వస్తాయి. ముదిరిన తల్లిమొక్క కంటే ఈ చిన్న మొక్కలే కిటికీలో బాగా నిలుస్తాయి. ఎండిపోయిన మొక్కని చెత్తబుట్టలో వేయడం ఇష్టం లేకపోతే పెరటి మట్టిలోనో, పెద్ద కుండీలోనో కలిపేయండి. గింజలు మార్చిలో, మట్టి పైన చల్లి పలచగా అద్ది వెచ్చటి చోట పెడితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. లోతుగా పూడ్చకండి, వాటికి వెలుతురు తగలాలి.

## తమలపాకు

ఇంట్లో పెంచడానికి వీటన్నిటిలోకీ తగినది తమలపాకు. పుట్టుకతో నీడలో పాకే తీగ, నేరుగా ఎండ తగిలితేనే ఆకు మాడుతుంది. తూర్పు కిటికీకి మూడడుగుల దూరంలో, నాచు చుట్టిన కర్రకి పాకించినా, పైనుంచి వేలాడదీసినా పెరుగుతుంది. దానికి కావాల్సింది తేమ. వంటగది, వెలుగున్న బాత్‌రూమ్ దీనికి మంచి చోట్లు. నీళ్ళు నిలిస్తే మాత్రం ఆకులు పసుపెక్కి తీగ మొదలే కుళ్ళుతుంది.

## మిగతావి

మందారాన్ని గరాజ్‌లో లేదా బేస్‌మెంట్‌లో 50–55 డిగ్రీల దగ్గర నిద్రపుచ్చి మార్చిలో మూడో వంతుకి కత్తిరిస్తే బ్రహ్మాండంగా లేస్తుంది. కిటికీలో ఉంచితే ఒకటీ అరా పువ్వు పూస్తుంది గానీ తెల్లదోమ, పేనుబంక పక్క కుండీలకి పాకుతాయి. గరాజే మేలు.

మేయర్ నిమ్మను ఫ్రాంక్ మేయర్ అనే మొక్కల అన్వేషకుడు 1908లో చైనా నుంచి అమెరికాకి తెచ్చాడు. చలికాలంలో ఇంట్లోనే పూసి, ఆ వాసనతో మల్లె లేని లోటు కొంత తీరుస్తుంది. కానీ కరివేపాకుకి ఎంత ఎండ కావాలో దీనికీ అంతే కావాలి, పురుగులూ అవే. ఒక్క కిటికీ ఉన్న ఇంట్లో రెండూ పెట్టుకోవద్దు.

మునగని అడుగు ఎత్తుకి నరికి గరాజ్‌లో పెట్టేయొచ్చు. మిరపనీ అలాగే కత్తిరించి చిన్న కుండీలోకి మార్చి దాటించవచ్చు. గోంగూర, వంకాయలకి ఫ్రాస్ట్‌తో సెలవు చెప్పేయండి. కనకాంబరం తేమ ఉన్న గదిలో బాగానే ఉంటుంది, 55 కంటే దిగనివ్వకండి.

## లోపలికి తెచ్చే ముందు

ఏ దారి ఎంచుకున్నా ఈ పని తప్పదు. వారం పదిరోజులు కుండీల్ని చెట్టు నీడకో ప్యాటియో కప్పు కిందకో జరిపి ఉంచితే తక్కువ వెలుతురుకి అలవాటవుతాయి. తర్వాత పైపుతో ఆకుల అడుగుభాగాలు గట్టిగా కడగాలి. పొలుసు పురుగు, పిండినల్లి దాక్కునేది అక్కడా, కాండం గణుపుల్లోనూ. మందారం, మల్లెలకి వేపనూనె సీసా మీద రాసిన కొలతలో కలిపి కొట్టండి. తినే కరివేపాకు, తమలపాకు, పూజ తులసి మీద నేను వేపనూనె కొట్టను. వాటికి మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణం వాడి, రెండు రోజుల తర్వాత మంచినీళ్ళతో కడిగితే సరిపోతుంది. వారం తర్వాత ఇంకోసారి చేయాలి, గుడ్లు మొదటిసారికి చావవు.

కుండీ మార్చే పని ఇప్పుడు పెట్టుకోకండి. పెద్ద కుండీలో ఎక్కువ మట్టి ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది, చలికాలంలో అదే ముప్పు.

## కిటికీయా, గ్రో లైటా, గరాజా?

గ్రో లైట్ అంటే కరెంటు బిల్లు టెన్షన్ పడేవాళ్ళున్నారు. లెక్క వేద్దాం. 40 వాట్ల ఎల్ఈడీ లైటు రోజుకి 14 గంటలు వెలిగితే నెలకి దాదాపు 17 యూనిట్లు. యూనిట్‌కి 17 సెంట్లు వేసుకుంటే మూడు డాలర్ల లోపు. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ప్యాకెట్లు రెండు మూడు కొంటే అయ్యే ఖర్చు. లైటు మొక్క పైభాగానికి అడుగు లోపు ఉండాలి, టైమర్ తప్పనిసరి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మార్చినా టైమర్ జోలికి వెళ్ళనక్కర్లేదు, మొక్కకి మన గంటలతో పనిలేదు.

దీని లోపం అందం. ఊదారంగు లైటు హాల్లో పెడితే ఇల్లు ల్యాబ్‌లా కనిపిస్తుంది. తెల్లటి కాంతి ఇచ్చే ఫుల్ స్పెక్ట్రమ్ బల్బు కొని మామూలు స్టాండ్ ల్యాంపులో బిగిస్తే ఎవరికీ తెలియదు. కానీ ఒక్క బల్బు ఒక్క మొక్కకే సరిపోతుంది. నాలుగైదు కుండీలుంటే బేస్‌మెంట్‌లో షెల్ఫ్ కట్టి బార్ లైట్లు వేయడం చవక, చూపులకి ఇబ్బందీ లేదు. చిక్కల్లా ఏంటంటే, కిందికి దిగి చూడకపోతే మొక్కకి పురుగు పట్టిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

గరాజ్‌కి ఖర్చూ లేదు, పనీ లేదు. కానీ షికాగో, మినియాపోలిస్ లాంటి చోట్ల ఇంటికి ఆనుకున్న గరాజ్ కూడా గడ్డకట్టే చలికి దిగుతుంది. పది డాలర్ల థర్మామీటరు ఒకటి వేలాడదీసి, నవంబరులో చూసి నిర్ణయించుకోండి.

## హాల్లో అందంగా

దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళ దగ్గర మెట్ల స్టాండు ఉండే ఉంటుంది. కొలువు తీసేశాక అది అటక ఎక్కించకుండా కిటికీ ముందుకు జరపండి. పైన ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద పాత చీర అంచు కనబడేలా వేస్తే మెట్ల మీద కుండీలు చక్కగా అమరుతాయి. పొట్టివి ముందు, పొడుగువి వెనక అనేది ఫొటోకి బాగుంటుంది గానీ ఎండ వచ్చేది కిటికీ వైపు నుంచి. కాబట్టి ఎండ ఎక్కువ కావాల్సిన తులసి, కరివేపాకు కిటికీ వైపు, మనీ ప్లాంట్, తమలపాకు మనవైపు ఉండాలి. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే ఒకవైపే వంగిపోదు.

ఇత్తడి బిందె, రాగి గంగాళంలో మొక్క పెట్టాలని అందరికీ ఉంటుంది. నేరుగా మట్టి నింపి నాటొద్దు, నీళ్ళు పోయే దారి లేదు. ప్లాస్టిక్ కుండీతో సహా బిందెలో దించండి, అడుగున నాలుగు గులకరాళ్ళు వేయండి, నీళ్ళు పోసిన అరగంటకి అడుగున నిలిచినవి ఒంపేయండి. బరువైన కరివేపాకు కుండీ కింద చక్రాల స్టాండు ఉంటే నెలకోసారి ఎండని బట్టి జరుపుకోవచ్చు, హార్డ్‌వుడ్ మీద గీతలూ పడవు. రాత్రి ఆకులు కిటికీ అద్దానికి తగలకుండా రెండు మూడంగుళాలు ఎడం ఉంచండి, తగిలిన ఆకు ఆ చలికే మాడుతుంది.

దీపావళి నాటికి మొక్కలన్నీ కొత్తగా లోపలికి వచ్చి ఉంటాయి. ప్రమిదలు ఆకులకి అడుగు దూరంలో ఉండాలి. పిల్లి, కుక్క, పాకే పిల్లలు ఉంటే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ అందని ఎత్తులో పెట్టండి, నమిలితే నోరు మండి వాంతులవుతాయి.

## మీ ఇంటికి ఏది?

ఒక పడకగది అపార్ట్‌మెంట్, ఉత్తరం కిటికీ. కరివేపాకు, తులసి రెండిట్లో ఒకటే పెట్టుకుని దానికో గ్రో బల్బు కొనండి. మిగతా పచ్చదనానికి తమలపాకు, మనీ ప్లాంట్. మల్లె, నిమ్మ ఆశ వదులుకోండి.

ఈస్ట్ ఫేసింగ్ సొంతిల్లు. పడమటి ప్యాటియో డోర్ దగ్గర మధ్యాహ్నం ఎండ పడితే కరివేపాకు అక్కడ. తూర్పు కిటికీలో తులసి, దానికి కొంచెం వెనకగా తమలపాకు. పైన గెస్ట్ రూములో మల్లె, గరాజ్‌లో మందారం, మునగ. ప్యాటియో డోర్ మాటిమాటికీ తెరిచే ఇల్లయితే ఆ చలిగాలి తగలని పక్కన కుండీ పెట్టాలి.

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా. ఉత్తరాది ఊళ్ళంత తొందర లేదు. చలి రాత్రుల్లో మాత్రమే లోపలికి తెచ్చి, పగలు మళ్ళీ బయట పెట్టేవాళ్ళు చాలామంది. చక్రాల స్టాండు ఉంటే అది మంచి పద్ధతే, ఎండ పూర్తిగా దక్కుతుంది. ఒక్క రాత్రి మరిచిపోతే మాత్రం ఏడాది పెంపకం పోతుంది. మతిమరుపు ఉన్నవాళ్ళు తొలి ఫ్రాస్ట్‌కి ముందే లోపల పెట్టేసి వదిలేయండి.

బే ఏరియా. ఇంటి గోడకి ఆనించి, చలి రాత్రుల్లో ఫ్రాస్ట్ క్లాత్ కప్పితే కరివేపాకు, మల్లె బయటే దాటతాయి. హాల్లో మనీ ప్లాంట్ పెట్టుకుని ఈ గొడవంతా చదివి నవ్వుకోవచ్చు.

డిసెంబరులో ఇండియా ప్రయాణం ఉన్నవాళ్ళు. మూడు నాలుగు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్తున్నారంటే పైన చెప్పిన వరస మారుతుంది. తులసిని గింజగా దాచేయండి. ముదిరిన కరివేపాకు, మందారం గరాజ్ నిద్రకి పంపండి. తమలపాకుని నమ్మకమైన స్నేహితులకి అప్పగించాలి, అది నెల రోజులు నీళ్ళు లేకుండా ఉండదు. స్నేక్ ప్లాంట్‌కి మీరు లేని సంగతే తెలియదు. థర్మోస్టాట్ 55 దగ్గర పెట్టి వెళ్తే మల్లెకి అది సరిగ్గా కావాల్సిన చల్లదనం. బయల్దేరే ముందు రోజు నీళ్ళు పోసి, అడుగున పళ్ళెంలో నిలవకుండా చూసుకోండి. పక్కింటివాళ్ళకి తాళం ఇస్తే "రెండు వారాలకోసారి ఈ గ్లాసుతో ఒక గ్లాసు" అని గ్లాసు పక్కనే పెట్టి చీటీ రాసి వెళ్ళండి. లేకపోతే జాలిపడి వచ్చినప్పుడల్లా పోస్తారు.